గరాటు దిగిన వీధి

రేకుల మేస్త్రికి ఈ లోకంలో రాని పని ఒక్కటే, ఊరికే ఉండటం. చేతులు ఊరుకుంటే నోరు ఊరుకోదు, నోరు ఊరుకుంటే చేతులు ఊరుకోవు. ఇరవై రెండేళ్ళుగా ఆ వీధి నడుమ దుకాణం పెట్టి ట్రంకు పెట్టెలు, బకెట్లు, పొగగొట్టాలు, గరాట్లు చేసి అమ్ముతున్నాడు. రేకు మీద సుత్తి పడితే వచ్చే మోత సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ అదురుకు పక్కింటి గోడ గడియారం మూడుసార్లు ఊడిపడింది. వాళ్ళు తిట్టి తిట్టి విసిగిపోయి, చివరికి గోడకు గడియారం పెట్టుకోవడమే మానేశారు. అలాంటి మనిషి ఒక వీధి వీధినంతా నోరు మూయించాడంటే ఎవరూ నమ్మరు. కానీ మూయించాడు, అదీ తన బావ కోసం.

బావ అంటే అతని అక్క భర్త. పద్దెనిమిదేళ్ళు సైన్యంలో, నేలలో పాతిన మందుపాతరలను వెతికి తీసే జట్టులో పనిచేసి రెండేళ్ళ కిందట ఇంటికి వచ్చాడు. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి, ఒంటి మీద గీత కూడా లేదు. అదృష్టవంతుడని అందరూ అన్నారు. మనిషి వచ్చాడు గానీ మొత్తం రాలేదని అక్కకు వారం తిరక్కుండానే తెలిసిపోయింది.

గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచి రోడ్డు మీద కనబడితే ఆయన అవతలి పక్కకు దాటి పోతాడు. మంగలి దుకాణంలో వీపు తలుపు వైపుకు వస్తుందని జుట్టు ఇంట్లోనే కత్తిరించుకుంటాడు. బస్సులో జనం వెనకనుంచి ఒత్తుకుంటే రెండు స్టాపుల ముందే దిగి నడుస్తాడు. డీజిలు వాసన తగిలితే తింటున్న కంచం పక్కకు జరుపుతాడు. నిన్న లేని రాయి ఇవాళ గుమ్మం ముందు ఉంటే, అదెవరు పెట్టారో తెలిసేదాకా గడప దాటడు. రాళ్ళతో కూడా పరిచయాలు కావాలా బావా అని మేస్త్రి ఒకసారి వేళాకోళం ఆడాడు. బావమరిది అన్నాక ఆ మాత్రం హక్కు ఉంటుంది కదా. బావ నవ్వలేదు. ఆ తర్వాత మేస్త్రి ఆ విషయంలో హాస్యాలు కట్టిపెట్టాడు.

కట్టిపెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకరోజు బావ దుకాణం వెనక గదిలో కళ్ళు మూసుకుని కూర్చుని వీధిలో మోతలన్నీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. పిండిమరలో ఆడుతున్నది గోధుమలు కావు, జొన్నలు. పంక్చరు షాపులో తాత కొడుతున్నది లారీ చక్రం. బేకరీ వెనక తలుపుకు పై బందు ఊడింది. నీ పెద్ద సుత్తికి పిడి వదులైంది, ఇవాళ కాకపోతే రేపు ఎగిరి పడుతుంది అని కూడా అన్నాడు. మేస్త్రి నమ్మలేదు. పోయి సుత్తి పట్టుకుని ఊపి చూస్తే నిజంగానే తల కదులుతోంది. రోజంతా దాన్ని చేత్తో పట్టుకుని కొట్టేవాడికి తెలియనిది, గోడవతల కళ్ళు మూసుకున్నవాడికి తెలిసింది. మేస్త్రి పిడిలో చీల దిగ్గొట్టి బిగించాడు. ఇంత వినేవాడు ఎలా నిద్రపోతాడు అని అప్పుడు మొదటిసారి అనుకున్నాడు.

ఆర్నెల్ల కిందట అసలు దెబ్బ తగిలింది. బావ తన కూతుర్ని బడికి తీసుకెళ్తున్నాడు. పదేళ్ళ పిల్ల, తండ్రి చెయ్యి పట్టుకుని ఏదో కథ చెబుతూ నడుస్తోంది. సరిగ్గా ఆ క్షణానే బేకరీ ఆవిడ చేతిలోంచి ఇనప ట్రేలు పదో పన్నెండో జారి మెట్ల మీద పడ్డాయి. బావ పిల్లను నేలకు కొట్టి పైన తాను పడుకున్నాడు. ఏ గుండూ తగలకూడదని పడుకున్నాడు పాపం. లేచి చూస్తే పిల్ల మణికట్టు విరిగి ఉంది. పిల్ల ఏడవలేదు, నాన్నకు ఏమైందని అడిగింది. ఆ రోజు నుంచి ఆయన కూతురి చెయ్యి పట్టుకోలేదు. అన్నం తినేటప్పుడు కూడా రెండు కుర్చీలు విడిచి కూర్చునేవాడు.

ఆ తర్వాత ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. ఎక్కడో కొండ మీద నీళ్ళ ట్యాంకుకు కాపలాదారు ఉద్యోగం. చుట్టూ మనిషి ఉండడు. నెలకోసారి జీపు వచ్చి సామాను దింపి పోతుంది. ఒకటో తారీఖుకల్లా చేరాలి. చేరితే ఇక ఇంటికి రాడని అక్కకు తెలుసు, మేస్త్రికి తెలుసు, చెప్పకపోయినా పిల్లకూ తెలుసు. ఆయన్ని చూస్తున్న డాక్టరు మాత్రం ఒక మెలిక పెట్టాడు. నెలాఖరు దాకా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, రోజూ పొద్దున పాపను బడిదాకా దింపి రా, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారి నడవగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం అన్నాడు.

నాలుగు వందల అడుగుల వీధి. మొదట్లో బావ ఇల్లు, చివర్లో బడి. నడుమ బేకరీ, పిండిమర, రేకుల దుకాణం, పంక్చరు షాపు, ఇంకా ఓ పది షట్టర్లు. మామూలు మనిషికి మూడు నిమిషాల దూరం. ఆయన పిండిమర దాకా వచ్చి వెనక్కు తిరిగేవాడు. పిల్ల మిగతా దూరం ఒంటరిగా వెళ్ళేది.

ఇదంతా చూస్తూ మన మేస్త్రి ఊరుకుంటాడా? ఒక రాత్రంతా ఆలోచించి, తెల్లారేసరికి ఉపాయం కనిపెట్టాడు. బావకు పడనిది మోత. మోతను ఆపేస్తే పోలేదా? ఎనిమిదింటికి బావ తలుపు తీసినప్పటి నుంచి బడి చేరేదాకా వీధి చప్పుడు చెయ్యకూడదు. దుకాణం ముందు కొక్కేనికి ఒక పెద్ద గరాటు వేలాడుతూ ఉంటుంది, అదే అతని బోర్డు. వీధి రెండు చివర్లకూ కనిపిస్తుంది. బావ తలుపు తీయగానే గరాటు దించుతాడు. గరాటు దిగిందంటే అందరూ ఆగాలి. మళ్ళీ ఎక్కాకే పని మొదలు. బావకు మాత్రం తెలియకూడదు, తెలిస్తే అభిమానపడతాడు. అక్క తెల్లవారుజామునే బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పనికి పోతుంది కాబట్టి ఆమెకూ చెప్పలేదు. పిల్లకు చెప్పక తప్పలేదు. నాన్నతో అనవద్దని ఒట్టు వేయించుకున్నాడు.

గడప గడపకూ తిరిగాడు. ట్రేలు జారవిడిచిన పాపం ఆర్నెల్లుగా మోస్తున్న బేకరీ ఆవిడ అతని మాట పూర్తి కాకముందే ఒప్పుకుంది. పిండిమర ఆయన, కనుబొమల మీద పిండి దులుపుకుంటూ, పావుగంట మర ఆపితే మళ్ళీ తిప్పడానికి పడే పాట్లు చెప్పి, సరే అన్నాడు. పంక్చరు షాపు తాత ఒక్కడే అడ్డం తిరిగాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? మీ బావ అడిగాడా ఇలా చెయ్యమని?" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం కాబట్టి మేస్త్రి ఆ మాట చెవిన పెట్టుకోలేదు. తాత చివరికి సణుగుతూనే సుత్తి పక్కన పెడతానని మాట ఇచ్చాడు.

మొదటి రోజు పొద్దున ఎనిమిదింటికి బావ తలుపు తెరుచుకుంది. మేస్త్రి గరాటు దించాడు.

ముందు పిండిమర బెల్టు మెల్లగా తిరిగి తిరిగి నిలిచింది. గాలి పంపు ఆగింది. సగం ఎత్తిన షట్టర్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. సైకిళ్ళవాళ్ళు దిగి నిలబడ్డారు. ఆటో నడిపేవాడు ఇంజను ఆపేశాడు. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ వినని చప్పుళ్ళు మేస్త్రికి వినిపించాయి. ఎక్కడో కుళాయి చుక్క పడుతోంది. చూరు కింద పిచ్చుక రెక్కలు దులుపుకుంటోంది. అంత దూరాన నడుస్తున్న మేనకోడలి బ్యాగు బకిలు టిక్కు టిక్కుమంటోంది. వీధి ఇంత లోతుగా ఉంటుందని అతనికి తెలియదు. ఒక్క మనిషి నడవడానికి ఇంతమంది ఊపిరి బిగబట్టారే అని అతని కళ్ళు చెమర్చాయి. ఇంత గొప్ప పని తన జీవితంలో చెయ్యలేదనుకున్నాడు.

బావ పదడుగులు వేశాడు. ఆగాడు. తల ఎత్తకుండా కళ్ళతోనే మేడల మీదికి చూశాడు. బేకరీ దాకా కూడా రాకుండానే వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

మొన్నటిదాకా పిండిమర దాకా వచ్చేవాడు. మేస్త్రి తల గోక్కున్నాడు. ఎక్కడో ఏదో చప్పుడు మిగిలిపోయింది, అదే ఆయనకు తగిలింది అని తేల్చుకున్నాడు. మర్నాడు వీధిలో తలుపుల బందులన్నిటికీ నూనె పోశాడు. ఆ మర్నాడు పెయింట్ల కొట్టు ఆయన కుక్కను లోపల కట్టేయించాడు. దగ్గు ఉన్నవాళ్ళను ఆ పావుగంట లోపలే ఉండమన్నాడు. బావ రోజురోజుకూ ఇంకా ముందే వెనక్కి తిరగసాగాడు. మేస్త్రి రోజురోజుకూ ఇంకా గట్టిగా బిగించసాగాడు. ఏడో రోజుకు ఆ వీధి చీమ చిటుక్కుమంటే వినపడేలా తయారైంది. చూసినవాళ్ళు అబ్బురపడేవాళ్ళు. పక్క వీధి నుంచి కొందరు పనిగట్టుకుని వచ్చి చూసిపోయారు కూడా.

ఎనిమిదో రోజు సాయంత్రం బావ దుకాణానికి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. ఒక ట్రంకు పెట్టె కావాలన్నాడు. పొడుగు మూడడుగులు, వెడల్పు అడుగున్నర, తాళం గట్టిగా ఉండాలి. వచ్చే శనివారానికి కావాలి, ఆ మర్నాడు ఆదివారం ఒకటో తారీఖు అన్నాడు. దేనికో మేస్త్రికి తెలుసు.

ఆ పెట్టె చెయ్యడానికి మామూలుగా అయితే ఒకటిన్నర రోజు. మేస్త్రి రేకు కత్తిరించడానికే ఒక రోజు తీసుకున్నాడు. అంచులు మడవడానికి ఇంకో రోజు. పెట్టె నిలబడింది, మూత లేదు. బావ వచ్చి అడిగితే గొళ్ళాలు ఇంకా రాలేదని అబద్ధం చెప్పాడు. గొళ్ళాలు అతని జేబులోనే ఉన్నాయి. నడుస్తుంటే గలగలమంటున్నాయని వాటికి గుడ్డ చుట్టుకున్నాడు.

పన్నెండో రోజు, బుధవారం. బావ తలుపు తీశాడు, గరాటు దిగింది, వీధి ఆగింది. ఈసారి బావ వెనక్కి తిరగలేదు. బేకరీ దాటాడు. పిండిమర దాటాడు. రేకుల దుకాణం ముందుకు వచ్చాక బావ నిలబడిపోయాడు. ముఖం మీద చెమట ధారలు కట్టింది. ఒక్క అంగలో కూతుర్ని దుకాణంలోకి నెట్టి, పేర్చిన రేకుల వెనక కూర్చోబెట్టి, మేస్త్రి భుజం పట్టి కిందికి లాగాడు.

"తల దించు," అన్నాడు చాలా మెల్లగా.

మేస్త్రి దించాడు. ఏమైందని అడిగాడు.

"వీధి ఆగిపోయింది."

ఆ మాట చెప్పిన గొంతులో భయం లేదు. చాలా కాలంగా తెలిసిన సంగతి చెబుతున్నట్టు ఉంది. ఆ తర్వాత బావ, రెండేళ్ళలో ఎవరికీ చెప్పనిది, అక్కకు కూడా చెప్పనిది, రేకుల సందులోంచి వీధిని చూస్తూ చెప్పాడు.

"అక్కడా ఇలాగే. ఒక మార్కెట్ సందు. రోజూ వెళ్ళేవాళ్ళం. నిమ్మకాయలమ్మే ముసలాయన అరుపు ఊరవతలికి వినిపించేది. ఆ రోజు ఆయన నోరు విప్పలేదు. ఎవరి పని వాళ్ళు ఆపేసి బొమ్మల్లా నిలబడి మమ్మల్నే చూశారు. వాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ చెప్పలేదు. అయిదుగురం వెళ్ళాం. ఇద్దరం వచ్చాం."

మేస్త్రి కూడా అదే సందులోంచి బయటికి చూశాడు. ఎదురుగా పంక్చరు తాత ఒళ్ళో సుత్తి పెట్టుకుని కదలకుండా కూర్చుని వీళ్ళ వైపే చూస్తున్నాడు. అటువైపు బేకరీ ఆవిడ ట్రేను గుండెలకు హత్తుకుని వీళ్ళ వైపే చూస్తోంది. సగం ఎత్తిన షట్టర్ల కింద కాళ్ళు కనిపిస్తున్నాయి. పిట్ట కూడా అరవడం లేదు. ఇరవై రెండేళ్ళుగా బతికిన వీధిని చూసి మేస్త్రికి ఒళ్ళు జలదరించింది. బావ రోజూ ఎనిమిదింటికి తలుపు తీసి చూస్తున్నది దీన్నే. ఏ సందులో అయితే ముగ్గురు పోయారో, ఆ సందును నూనె పోసి మరీ తెచ్చి తన బావ గుమ్మం ముందు పరిచింది తానే. మంచికి పోతే చెడు ఎదురైంది అని జనం తేలిగ్గా అంటారు. దాని బరువు అది ఎదురైనవాడికే తెలుస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. గరాటు ఇంకా నేల మీదే ఉంది. అది ఎక్కేదాకా వీధి కదలదు. వీధి కదిలేదాకా బావ కదలడు. మేస్త్రి లేచి గరాటు తగిలిద్దామంటే బావ చెయ్యి భుజం మీద ఉడుం పట్టులా ఉంది. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు. నోరు విప్పక తప్పని సమయం వచ్చిందని మాత్రం మేస్త్రికి అర్థమైంది.

"బావా, వీళ్ళని ఆపింది నేనే."

బావ తల తిప్పాడు.

"నీకు మోత పడదని చెప్పి అందర్నీ బతిమాలుకున్నాను. నువ్వు తలుపు తీయగానే ఆ గరాటు దించుతాను. దించితే అందరూ పని ఆపేస్తారు. అంతే బావా. ఇంకేం లేదు అక్కడ."

బావ కూతురి వైపు చూశాడు. పిల్ల అవునని తల ఊపింది. మావయ్య ఒట్టు వేయించుకున్నాడని చెప్పింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పన్నెండు రోజులు."

బావ చెయ్యి మెల్లగా భుజం మీంచి జారింది. తిడతాడని మేస్త్రి ఎదురుచూశాడు. కొట్టినా బాగుండేది.

"నా బుర్రే పోయిందనుకున్నాన్రా," అన్నాడు బావ. "నేను అడుగు బయట పెడితే లోకం ఆగిపోతోందని డాక్టరుకి చెప్పాను. ఆయన రాసుకుని మాత్రలు పెంచాడు. ఇలాంటి వాడి పక్కన పాపని ఎలా ఉంచుతాను అనుకున్నాను. అందుకే పెట్టె చెయ్యమన్నాను."

మేస్త్రి అక్కడే రేకు ముక్కల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. బావ అతన్ని ఓదార్చలేదు, తోసెయ్యలేదు. రేకుల సందులోంచి మళ్ళీ బయటికి చూశాడు. ఈసారి వేరేగా చూశాడు. ఒక్కొక్క ముఖాన్నీ చూశాడు. ఒళ్ళో సుత్తితో తాత, ట్రేతో బేకరీ ఆవిడ, పిండి కనుబొమలతో మర ఆయన, సైకిలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డ ఎవరో దారినపోయే మనిషి. పావుగంటగా అలాగే ఉన్నారు.

"ఇంతమందా?" అన్నాడు. ఆ వెంటనే, "గరాటు ఎక్కించు," అన్నాడు.

మోతంతా ఒక్కసారే వచ్చి పడుతుందని మేస్త్రి హెచ్చరించాడు. రానీ, ఎవరిదో తెలిసిన మోతే కదా అన్నాడు బావ.

గరాటు ఎక్కింది. వీధి ఒక్కసారిగా ఊడిపడింది. షట్టర్లు లేచాయి, మర తిరిగింది, లారీ చక్రం మీద సుత్తి పడింది, కుక్క విప్పుకుని అరిచింది. బావ గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఒళ్ళంతా వణుకుతోంది. ఆ వణుకులోనే ఒక్కొక్క మోతకూ ఎవరిదో చెప్పడం మొదలుపెట్టాడు. పిండిమర ఆయన. తాత. బేకరీ ఆవిడ. పెయింట్ల కొట్టు కుక్క. తడబడినచోట పిల్ల అందించింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మేస్త్రి రెప్ప వెయ్యకుండా చూశాడు. ముంచుకొచ్చే వరదలో నిలబడి నీటి చుక్కలకు పేర్లు పెడుతున్న మనిషిని అతను అంతకుముందు చూడలేదు.

చివరకు బావ ఒక మాట అడిగాడు. తమ జట్టులో ఒక నియమం ఉండేదట. దొరికిన మందుపాతరను పేల్చేముందు ఒకడు నిలబడి గట్టిగా కేక వేస్తాడు. ఆ తర్వాతే పేలుస్తారు. "చెప్పి పేల్చిన దానికి నేనెప్పుడూ భయపడలేదు," అన్నాడు. "వీళ్ళని పని ఆపొద్దని చెప్పు. చెప్పి కొట్టమను."

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని మళ్ళీ గడప గడపకూ తిరిగాడు. ఈసారి తాత దగ్గర తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాడు. తాత తిట్టలేదు. నేనప్పుడే చెప్పాను అని కూడా అనలేదు, అది ఆ తాత జీవితంలో ఒకే ఒక్కసారి జరిగింది. ఏమని కేక వెయ్యాలో మాత్రం అడిగాడు. ఎవరి మోతకు వాళ్ళు ఒక మాట అనుకున్నారు. ఆ రాత్రి అక్కకు సంగతంతా తెలిసి, తమ్ముణ్ణి నిలబెట్టి అరగంట తిట్టి, తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది.

గురువారం బావ పిండిమర దాకా వచ్చాడు. శుక్రవారం చెప్పకుండా వచ్చిన లారీ ఒకటి వీధి మొగలో ఢామ్మని పొగ వదిలింది. లారీకి నియమం ఎవరు చెబుతారు? బావ బేకరీ మెట్ల మీద కూలబడి అరగంట లేవలేకపోయాడు. బేకరీ ఆవిడ వచ్చి పక్కనే కూర్చుంది. పిల్ల బడికి ఒంటరిగా వెళ్ళింది. మేస్త్రి ఆ సాయంత్రం జేబులోంచి గొళ్ళాలు తీసి, గుడ్డ విప్పి, బల్ల మీద పెట్టాడు. రేపు శనివారం. మూత రేకు కత్తిరించి రేకు పెట్టి కొట్టే దాగలి పక్కన పెట్టుకున్నాడు.

శనివారం ఎనిమిదింటికి తలుపు తెరుచుకుంది. గరాటు కొక్కేనికే ఉంది. మేస్త్రి మూత రేకును దాగలి మీద పరిచి, సుత్తి పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. బావలాగా వినాలనిపించింది.

"ట్రేలు!" అని దూరంగా బేకరీ ఆవిడ గొంతు. ఆ వెంటనే ట్రేల మోత. కాసేపు ఏమీ లేదు. తర్వాత అడుగుల చప్పుడు. "మర!" అని పిండిమర ఆయన. బెల్టు అందుకుంది. "షట్టరు!" అని ఎవరో. గరగరమని షట్టరు. ఒక్కొక్క కేకా, దాని వెనకే దాని మోతా, ఒకదాని తర్వాత ఒకటి దగ్గరికి వస్తున్నాయి. వీధి అంతా కలిసి ఒక మనిషిని చేతులమీదుగా అందించుకుంటూ తెస్తున్నట్టు ఉంది. ఇన్నేళ్ళూ ఈ వీధిలో అందరికంటే ఎక్కువ మోత చేసిన మేస్త్రి, ఆ వీధిని వినడం అదే మొదలు.

అడుగులు దుకాణం ముందుకు వచ్చి ఆగాయి. కళ్ళు తెరిస్తే ఎదురుగా బావ, పక్కన పిల్ల. ఇప్పుడు కేక వెయ్యాల్సింది తను, కొట్టాల్సింది తను. ఎత్తిన చెయ్యి దిగలేదు. ఈ ఒక్క దెబ్బతో బావ మళ్ళీ పిల్లను నేలకు కొడితే? పెట్టెకు మూత తన చేత్తోనే వేసినట్టవుతుంది. చుట్టుపక్కల అందరూ చూస్తున్నారు. సుత్తి గాల్లోనే ఉండిపోయింది.

బావ అది చూశాడు. కిందికి చూడకుండానే కుడిచెయ్యి చాచి, ఆర్నెల్ల కిందట విరిగిన ఆ మణికట్టును మెల్లగా, గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పిల్ల కదల్లేదు.

"కొట్టరా," అన్నాడు.

"దెబ్బ!" అని అరిచాడు మేస్త్రి. అరిచి కొట్టాడు.

బావ భుజాలు రెండూ ఎగిరిపడ్డాయి. ముఖం తెల్లబోయింది. మోకాళ్ళు వంగాయి. వంగి, అక్కడే ఆగి, మళ్ళీ నిటారయ్యాయి. పిల్ల చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. పిల్ల నిలబడే ఉంది. రేకు మోత గోడలకు తగిలి తగిలి సన్నబడేదాకా ఆయన అలాగే ఉండి, దీర్ఘంగా ఊపిరి వదిలాడు. ఎదుటి పక్క "గాలి!" అని తాత కేక వేశాడు. బావ అటు అడుగు వేసి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు. మూత లేని పెట్టె వైపు చూశాడు.

"దానికి మూత వద్దు. నిలువుగా నిలబెట్టి రెండు అరలు వెయ్యి. పాప పుస్తకాలకి," అన్నాడు.

మేస్త్రి సుత్తి పక్కన పెట్టాడు. తండ్రీకూతుళ్ళు బడి గేటు దాకా చెయ్యి విడవకుండా వెళ్ళడం గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత లోపలికి వచ్చి, పెట్టెను నిలువుగా నిలబెట్టి, మూతకని కోసిన రేకును అరలకు కొలుచుకున్నాడు. సుత్తి ఎత్తాడు. బావ అప్పటికే బడి లోపల ఉన్నాడు, వీధిలో హెచ్చరించాల్సిన వాళ్ళెవరూ లేరు. అయినా "దెబ్బ!" అని అరిచి, అప్పుడు కొట్టాడు.